ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే రావట్లేదు

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, ఒక కునుకు తీద్దామని నడుం వాల్చానో లేదో, మా మేనల్లుడి ఫోను.

"మామయ్యా, బోర్డు పోయింది."

ఎటు పోయిందిరా అంటే అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మీద మాత్రం ఏమీ లేదు. వాడు ఇంజినీరింగ్ రెండో ఏడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, సీటీసీ అంటే గాని ఎవరూ గుర్తుపట్టరు, అక్కడ రెండు శనివారాలు షాపు షాపుకూ తిరిగి రేట్లు రాసుకుని సామాను కొనుక్కొచ్చాడు. బిగించి ఇస్తామని షాపువాళ్ళు అంటే వద్దన్నాడట. నెట్‌లో వీడియోలు చూశాడు మరి. పన్నెండు నిమిషాల వీడియోలో కంప్యూటర్ మొత్తం తయారైపోతుంది. స్క్రూ జారి సోఫా కిందికి దొర్లిన ముక్కను ఎడిటింగ్‌లో తీసేస్తారు.

నేను వెళ్ళేసరికి డైనింగ్ టేబుల్ నిండా అట్టపెట్టెలు, కవర్లు, వైర్లు. "ఒరేయ్, నువ్వైనా చెప్పరా వాడికి, అన్నం తినే బల్ల మీద ఈ ఇనుప సామానేంటి" అంది మా అక్క. వాడు మాత్రం శవం పక్కన కూర్చున్న డాక్టరులా ముఖం పెట్టుకుని ఉన్నాడు.

బంధువుల కంప్యూటర్లు బాగుచేయడమనే జీతం లేని ఉద్యోగంలో నేను ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. ఆ అనుభవంతో ఒక మాట చెప్పగలను. కొత్తగా బిగించిన కంప్యూటర్లో "బోర్డు పోయింది" అన్నది చిట్టచివర రావాల్సిన తీర్పు. అందరూ దాంతోనే మొదలుపెడతారు. అంతకుముందు అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి, వాటిలో సగానికి జవాబు బోర్డే చెబుతుంది. చెప్పేదాకా మనం ఆగం, అంతే.

మదర్‌బోర్డుకు తెలుగు కావాలంటే మాతృఫలకం అనుకోవచ్చు. ఆ పేరుతో షాపులో అడిగితే పూజాసామగ్రి కొట్టుకు దారి చూపిస్తారు. పేర్ల విషయంలో మనది ఇంకో వింత అలవాటు, క్యాబినెట్ మొత్తాన్నీ కలిపి "సీపీయూ" అంటాం. "సీపీయూ మీద దుమ్ము తుడవవే" అని ఇళ్ళల్లో వినని వాళ్ళుండరు. అసలు సీపీయూ మా వాడు కొన్న ఏఎం5 రకంలో నాలుగు సెంటీమీటర్ల చదరపు బిళ్ళ. దాన్నీ, ర్యామునూ, డిస్కునూ, యూఎస్‌బీ రంధ్రాలనూ, కరెంటునూ ఒకదానితో ఒకటి మాట్లాడించే పలక మదర్‌బోర్డు. లెక్కలు చేయదు, బొమ్మలు గీయదు, దాచుకోదు. అందుకే కొనేటప్పుడు బడ్జెట్లో కోత పడేది మొదట దీనికే.

బోర్డు సైజుల్లో ఎక్కువగా దొరికేవి మూడు. ఏటీఎక్స్ 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. మైక్రో ఏటీఎక్స్ అటూ ఇటూ 244. మినీ ఐటీఎక్స్ 170 చదరం, దాని గురించి చెప్పుకోవడం కంటే దాని ధర గురించి చెప్పుకోవడం ఎక్కువ. ఏటీఎక్స్‌ను ఇంటెల్ 1995లో తెచ్చింది. స్క్రూల రంధ్రాల చోట్లు దాదాపుగా ఇప్పటికీ అవే. ఏటా పాతబడిపోయే ఈ వ్యాపారంలో ఏదైనా ఒక మాట మీద నిలబడిందంటే ఆ రంధ్రాలే.

మా వాడిది మైక్రో ఏటీఎక్స్ సైజు బీ650 బోర్డు, రైజెన్ 5 7600 ప్రాసెసర్, 16 జీబీవి రెండు డీడీఆర్5 ర్యాములు. ఎంపికలో వంక పెట్టడానికేమీ లేదు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. సాకెట్ ఒకటే కదా, పిన్నుల లెక్క సరిపోయింది కదా అని కొంటారు. ఇంటెల్ 1151 పిన్నుల సాకెట్‌ను 2015లో తెచ్చింది. 2017లో వచ్చిన ఎనిమిదో తరం ప్రాసెసర్లకూ అవే 1151 పిన్నులు. పాత బోర్డులో పెడితే చక్కగా కూర్చుంటాయి, కానీ పనిచేయవు. కాబట్టి బోర్డు తయారుచేసిన కంపెనీ సైటులో ఆ బోర్డు పేజీ తెరిచి, ఏ ప్రాసెసర్‌కు ఏ బయోస్ (బోర్డును లేపే ప్రోగ్రామ్) వెర్షన్ నుంచి మద్దతు ఉందో చూసి కొనాలి. షాపులో "అన్నీ పడతయి అన్నా" అంటారు. పడతాయి, నిజమే. పడటం వేరు, పనిచేయడం వేరు.

ఇక సాకెట్. ఏఎండీ పాత ఏఎం4 సాకెట్లో 1331 పిన్నులు ప్రాసెసర్ అడుగున ఉండేవి. వంగితే బ్లేడు మొనతోనో, సూదితోనో, దేవుణ్ణి తలుచుకుంటూ సరిచేసేవాళ్ళం. 2022లో వచ్చిన ఏఎం5లో 1718 పిన్నులు బోర్డు మీదికి మారాయి. ఇంటెల్ వాళ్ళకు ఇది ఎప్పటినుంచో అలవాటే. ప్రాసెసర్ అడుగున ఇప్పుడు చదునైన బంగారు చుక్కలే. సాకెట్లోని పిన్నులు వెంట్రుకల్లా ఉంటాయి. పైనుంచి లైటు వేసి చూస్తే కోతకొచ్చిన వరిచేను గాలికి ఒకే వైపు వాలినట్టు, అన్నీ ఒకే దిక్కుకు ఒంగి మెరుస్తాయి. ఆ వరసలో ఒక్క చోట మెరుపు తేడాగా ఉంటే అక్కడ పిన్ను వంగిందని అర్థం. చొక్కా చేయి తగిలినా చాలు, వంగుతుంది. వంగిన పిన్నుకు వారంటీ ఉండదు.

అందుకే కొత్త బోర్డు సాకెట్ మీద నల్ల ప్లాస్టిక్ మూత ఉంటుంది. దాన్ని ముందే పీకనక్కర్లేదు. కొక్కెం కమ్మీని కిందికి నొక్కి పక్కకు జరిపి పైకెత్తాలి, లోహపు చట్రాన్ని తెరవాలి. ప్రాసెసర్ మూలనున్న చిన్న బంగారు త్రికోణం సాకెట్ మూలనున్న త్రికోణం గుర్తుతో కలిసేలా, అంచులు మాత్రమే పట్టుకుని, పసిబిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు వదలాలి. నొక్కకూడదు. సరిగ్గా ఉంటే దానంతటదే కూర్చుంటుంది. చట్రం మూసి కమ్మీ దించేటప్పుడు మాత్రం బాగా బలం పట్టాలి, కిర్రుమని ఒక చప్పుడు కూడా వస్తుంది. మొదటిసారి ఆ చప్పుడు విన్నవాడికి గుండె ఆగినంత పనవుతుంది. భయపడక్కర్లేదు, అది అలాగే వస్తుంది. కమ్మీ దిగుతుండగా నల్ల మూత టప్పుమని ఎగిరి బయటపడుతుంది.

"ఆ మూత ఏదిరా?" అన్నాను. వాడు బల్ల కింద వెతికాడు. కనబడలేదు. ప్రస్తుతానికి అది పక్కన పెడదాం.

ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చే ఏఎండీ కూలర్‌కు అడుగున పేస్టు ముందే పూసి ఉంటుంది. బూడిద రంగు చతురస్రం, వేలు పెట్టామంటే వేలిముద్ర పడి పాడవుతుంది. దాని మీద ఇంకా పేస్టు వేయకూడదు. కొందరు వేస్తారు, నెయ్యి ఎక్కువైతే పప్పుకే మంచిదన్న సిద్ధాంతంతో. విడిగా కొన్న కూలర్ అయితే మధ్యలో బఠాణీ గింజంత పేస్టు చాలు. దాని అడుగున అంటించి ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను మాత్రం తీయాలి. తీయకుండా బిగించి, ప్రాసెసర్ వేడెక్కిపోతోందని కంపెనీని తిట్టినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళలో ఒకరి పుట్టినరోజు నాడే నేనూ పుట్టాను. స్క్రూలు నాలుగూ ఒక్కొక్కటిగా పూర్తిగా బిగించేయకుండా, కారు చక్రం బోల్టుల్లాగా, ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా బిగించాలి. తర్వాత కూలర్ ఫ్యాను వైరు. అది "సీపీయూ ఫ్యాన్" అని రాసి ఉన్న పిన్నులకే వెళ్ళాలి. పక్కన క్యాబినెట్ ఫ్యాన్ల కోసం ఉన్న పిన్నులు అచ్చం అలాగే ఉంటాయి. అక్కడ పెట్టినా ఫ్యాను తిరుగుతుంది. కానీ సీపీయూ ఫ్యాను లేదని బోర్డు తెర మీద ఫిర్యాదు చేసి ఆగిపోతుంది.

ర్యాము దగ్గరకు వద్దాం, ఆనాటి కథలో దొంగ ఇక్కడే ఉన్నాడు. మా వాడి బోర్డుకు ర్యాము గాళ్ళు నాలుగు. వీడు రెండు ర్యాములనూ ప్రాసెసర్ పక్కనున్న మొదటి రెండు గాళ్ళలో, అన్నదమ్ముల్లా పక్కపక్కన కూర్చోబెట్టాడు. చూడముచ్చటగానే ఉంది. కానీ ప్రాసెసర్‌కు ర్యాముతో మాట్లాడటానికి రెండు దారులుంటాయి. మొదటి రెండు గాళ్ళు ఒక దారిలో, తర్వాతి రెండు ఇంకో దారిలో. రెండింటినీ ఒకే దారిలో పెడితే రెండో దారి ఖాళీగా పడి ఉంటుంది. అదొక్కటే కాదు. ప్రతి దారిలోనూ చివరి గాడిని ముందు నింపాలి. మొదటి గాడిలో పెట్టి చివరిది ఖాళీగా వదిలేస్తే, ఆ మిగిలిన తీగ ముక్కలోకి వెళ్ళిన సంకేతం కొసను తాకి ప్రతిధ్వనిలా తిరిగొచ్చి అసలు సంకేతాన్ని చెడగొడుతుంది. అందుకే రెండు ర్యాములుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు గాళ్ళలో పెట్టమని మాన్యువల్‌లో రాస్తారు. బోర్డు మీద కూడా ఏ2, బీ2 అని సన్న అక్షరాలతో ఉంటుంది. మాన్యువల్ సీలు విప్పని కవరులో భద్రంగా ఉంది.

డీడీఆర్4కూ, డీడీఆర్5కూ పిన్నులు 288 చొప్పునే. నడుమ ఉండే గంటు మాత్రం చోటు మారింది. ఒకదాని గాడిలో ఇంకొకటి దిగదు. దిగడం లేదని బలం చూపించకండి. దిగేది ఎలాగూ రెండు చివర్లా టక్కు, టక్కుమని రెండుసార్లు వినిపించేదాకా నొక్కాల్సిందే, అక్కడ మొహమాటం పనికిరాదు. సాకెట్ దగ్గర సుకుమారం, ర్యాము దగ్గర జులుం. నేర్చుకునేవాళ్ళు సరిగ్గా రెండింటినీ తారుమారు చేస్తారు. నాలుగు గాళ్ళున్నాయి కదా అని నాలుగూ నింపితే ఏమవుతుందంటే, రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే వేగం రెండు ర్యాములకు 5200, నాలుగింటికి 3600. తర్వాత ఇంకో జత కొందాంలే అనుకునేవాళ్ళు ఈ లెక్క చూసుకుని కొనాలి.

క్యాబినెట్లో దించేటప్పుడు రెండే జాగ్రత్తలు. మొదట వెనక రేకు, అదే పోర్టుల కోసం కంతలున్న పలచటి తగరపు రేకు, బోర్డుతో కలిసి రాకపోతే ముందు దాన్ని క్యాబినెట్‌కు నొక్కి బిగించాలి. బోర్డంతా బిగించి, ముప్పై వైర్లూ గుచ్చి, అమ్మయ్య అని వెనక్కి వాలాక ఆ రేకు అట్టపెట్టె అడుగున కనబడటం ఈ విద్యలో ఓనమాలు. రెండోది, ఇత్తడి కాళ్ళు. బోర్డు అడుగంతా టంకం పెట్టిన మొనలే, క్యాబినెట్ రేకును తాకకూడదు. అందుకే స్టాండాఫ్ అనే పొట్టి ఇత్తడి కాళ్ళ మీద నిలబెడతారు. బోర్డుకు ఎక్కడ రంధ్రం ఉందో అక్కడే కాలు ఉండాలి. రంధ్రం లేనిచోట ఒక్క కాలు మిగిలిపోయినా అది అడుగునుంచి టంకాన్ని తాకి షార్ట్ చేస్తుంది. లెక్కపెట్టాను, మా వాడు ఇది సరిగ్గానే చేశాడు. మార్కులు వేశాను.

కరెంటు వైర్లలో 24 పిన్నులది పెద్దది, ఎవరూ మరిచిపోరు. మరిచిపోయేది ప్రాసెసర్‌కు విడిగా వెళ్ళే 8 పిన్నులది. బోర్డు ఎడమ పైమూలన, కూలర్ నీడలో, చేయి దూరని చోట ఉంటుంది. అది లేకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, ప్రాసెసర్ మాత్రం లేవదు. చాలా ఏళ్ళ కిందట నేనే ఇది గుచ్చకుండా రాత్రి పదకొండు దాకా కూర్చుని, తెల్లారి బోర్డు చంకన పెట్టుకుని షాపుకు వెళ్ళాను. కౌంటర్ వెనకున్న కుర్రాడు ఆ వైరు గుచ్చి, ఆన్ చేసి చూపించి, ఏమీ అనకుండా ఇంకో కస్టమర్ వైపు తిరిగాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. తీసుకున్నా బాగుండేది.

ఇంకొక హెచ్చరిక, ఇది నిజంగా నష్టం తెచ్చేది. క్యాబినెట్లో అన్నిటికీ కరెంటు పంచే పెట్టె ఎస్‌ఎంపీఎస్. వాటిలో వైర్లు విడదీసుకునే రకం ఇప్పుడు ఎక్కువ. బోర్డు వైపున్న కొనకు ప్రమాణం ఉంది, ఎస్‌ఎంపీఎస్ వైపున్న కొనకు లేదు. పాత ఎస్‌ఎంపీఎస్ వైరు కొత్తదానికి సరిగ్గా పడుతుంది, 5 వోల్టులు రావాల్సిన చోట 12 వోల్టులు వస్తాయి, హార్డ్‌డిస్కు పొగలు కక్కుతుంది. ఎస్‌ఎంపీఎస్ మారిస్తే దాని వైర్లన్నీ మార్చాలి. కొత్తది వచ్చిన పెట్టెలోని వైర్లు తప్ప ఇంకేవీ వాడకూడదు.

క్యాబినెట్ ముందుభాగం నుంచి వచ్చే సన్న వైర్ల సంగతి చూస్తే, వీటిని కనిపెట్టినవాడికి వేళ్ళు ఎంత సన్నగా ఉండేవో అనిపిస్తుంది. పవర్ బటన్, రీసెట్ బటన్, రెండు లైట్లు, అన్నీ కలిపి తొమ్మిది పిన్నుల గుంపులోకి వెళ్ళాలి. బటన్లకు ప్లస్ మైనస్ లేదు, ఎటు పెట్టినా పనిచేస్తాయి. లైట్లకు ఉంది, తిరగబడితే వెలగవు, అంతకుమించి నష్టం లేదు. కాబట్టి ముందు పవర్ బటన్ ఒక్కటి సరిగ్గా గుచ్చి కంప్యూటర్ లేస్తుందో లేదో చూడండి, మిగతావి తర్వాత. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, క్యాబినెట్లో బిగించకముందే బోర్డును దాని అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యాము, కరెంటు మాత్రం ఇచ్చి, ఆ రెండు పవర్ పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపి ఆన్ చేసి చూడటం. బోర్డు చుట్టి వచ్చిన మెరిసే కవరు మీద మాత్రం పెట్టొద్దు. స్టాటిక్ నుంచి కాపాడే ఆ కవర్లలో కొన్నింటి పైపూతలో కరెంటు కాస్తో కూస్తో పారుతుంది.

స్టాటిక్ అన్నాను కాబట్టి ఎర్త్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. మన ఇళ్ళలో క్యాబినెట్ రేకును ఒట్టికాలితో నిలబడి ముట్టుకుంటే చిమచిమలాడటం, టెస్టర్ పెడితే మిణుకుమిణుకుమని వెలగడం చాలామందికి అనుభవమే. చూసినవాళ్ళంతా "బోర్డు షార్ట్ అయింది" అంటారు. బోర్డుకు దాంతో సంబంధం లేదు. ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట ఒక ఫిల్టర్ ఉంటుంది. ఫేజు నుంచి ఎర్త్‌కు ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు అలాంటిదే ఇంకొకటి. విద్యుత్తులోని రొదను భూమిలోకి దింపేయడం వాటి పని. గోడలోని మూడో రంధ్రానికి వెనక నిజంగా ఎర్త్ వైరు ఉంటే అంతా సజావుగా సాగుతుంది. లేకపోతే ఆ రెండు కెపాసిటర్లు కలిసే చోటు, అంటే క్యాబినెట్ రేకు, అటు 230కీ ఇటు సున్నాకీ మధ్యలో, 115 వోల్టుల దగ్గర వేలాడుతుంది. మిల్లీ ఆంపియరులో కొద్ది భాగమే పారుతుంది కాబట్టి మనిషికి చిమచిమతో సరిపోతుంది. కానీ ఆ స్థితిలో ఆన్‌లో ఉన్న టీవీకీ కంప్యూటర్‌కీ మధ్య హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే ఆ తేడా అంతా పోర్టు గుండా సర్దుకుంటుంది. "ఊరికే పోర్టు పోయింది" అనే కేసుల్లో కొన్ని ఇలా ఊరికే పోయినవే.

కట్టేటప్పుడు మూడు రంధ్రాల సాకెట్ పెట్టించి, ఎర్త్ వైరు మాత్రం లాగించని ఇళ్ళు మనకు కొత్త కాదు. పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసిన ఎర్త్ గుంత ఉన్నా, దాంట్లో ఎండాకాలం నీళ్ళు పోయడం మాని ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తుండదు. వేలకు వేలు పోసి బోర్డు కొన్నవాళ్ళు ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించుకోవాలి. బోర్డు ముట్టుకునే ముందు మాత్రం కరెంటు ప్లగ్గు తీసేసి, క్యాబినెట్ లోపల రంగు లేని రేకును ఒకసారి చేత్తో తాకండి. మన ఒంట్లోని స్టాటిక్ మూడు వేల వోల్టులు దాటితే గాని మనకు చురుక్కుమనదు. చిప్పుకు వందల్లో ఉన్నా చాలు.

ఇప్పుడు ఆన్ చేశాక జరిగేది. ఈ బోర్డు మీద ఒక మూలన నాలుగు బుల్లి దీపాలున్నాయి, ఈ రకం దీపాలు ఇప్పుడు చాలా బోర్డులకు వస్తున్నాయి. పక్కన సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉంటుంది. బోర్డు లేచే క్రమం కూడా అదే. ఏ దీపం దగ్గర ఆగిపోతే చిక్కు అక్కడ. సీపీయూ దగ్గర ఆగితే 8 పిన్నుల వైరూ, సాకెట్ పిన్నులూ చూడాలి. వీజీఏ దగ్గర ఆగితే గ్రాఫిక్స్ కార్డు. వేలు పోసి కార్డు కొని, మానిటర్ కేబుల్‌ను మాత్రం బోర్డు హెచ్‌డీఎంఐకే గుచ్చి డిస్‌ప్లే రాలేదనేవాళ్ళు కూడా ఈ ఊళ్ళో ఉన్నారు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లకు లోపల గ్రాఫిక్స్ ఉండదు. వాటితో బోర్డు హెచ్‌డీఎంఐ అలంకారమే.

మా వాడి బోర్డు మీద డీర్యామ్ దీపం వెలుగుతోంది.

"ఎంతసేపు చూశావురా?"

"ఒక నిమిషం చూశా మామయ్యా. రాకపోతే ఆపేసి మళ్ళీ ఆన్ చేశా. అలా ఐదారుసార్లు చేశా."

డీడీఆర్5 వేగాల దగ్గర ప్రతి తీగ మీదా సంకేతం ఎప్పుడు వస్తుందో, ఎంత ఆలస్యంగా వస్తుందో బోర్డు ముందే కొలుచుకోవాలి. దాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ముఖ్యంగా ఏఎం5 బోర్డుల్లో, దీనికి నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలన్నీ తెర నల్లగా ఉంటుంది, డీర్యామ్ దీపం వెలుగుతుంది, ఫ్యాన్లు తిరుగుతాయి. అంటే లక్షణాలన్నీ చచ్చిపోయినదానివే. మధ్యలో ఆపేస్తే కొలతలన్నీ పోయి మళ్ళీ మొదటినుంచి. మా వాడు పరీక్ష రాస్తున్న పిల్లవాడి పేపరు ప్రతి నిమిషానికీ లాక్కుని, ఇంకా పూర్తికాలేదని ఫెయిల్ చేశాడు.

రెండు ర్యాములనూ తీసి రెండు, నాలుగు గాళ్ళలో టక్కుమనిపించాం. కరెంటు తీసేసి, బోర్డు మీద క్లియర్ సీమాస్ అని రాసి ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్‌తో కాసేపు కలిపి, పాత సెట్టింగులన్నీ చెరిపేశాం. ఆన్ చేసి వాణ్ణి బల్లకు దూరంగా కూర్చోబెట్టాను. అక్క టీ పెట్టి తెచ్చింది. సగం గ్లాసు తాగేసరికి తెర మీద కంపెనీ బొమ్మ పడింది. వాడి ముఖం చూడాలి.

ఇక్కడితో బిగింపు అయిపోయింది, సెట్టింగులు మొదలయ్యాయి. డిలీట్ కీ నొక్కుతూ ఉంటే బయోస్ తెరుచుకుంటుంది. బయోస్ అనే మాట 1970ల నాటిది, గ్యారీ కిల్డాల్ తన సీపీ/ఎం సిస్టమ్ కోసం వాడిన పేరు. ఇప్పుడు బోర్డుల్లో ఉన్నది యూఈఎఫ్ఐ అనే వేరే సరుకు, పేరు మాత్రం పాతదే నోట నిలిచింది. లోపల వందల సెట్టింగులుంటాయి. వాటిలో మనకు పనికొచ్చేవి అయిదారు. మిగతావి ముట్టుకోకుండా ఉండటమే అసలు నైపుణ్యం.

ఒకటి, ర్యాము వేగం. పెట్టె మీద 6000 అని రాసిన ర్యాము కొన్నా, బోర్డు దాన్ని 4800 దగ్గరే నడుపుతుంది. ఏఎండీ బోర్డులో ఎక్స్‌పో, ఇంటెల్ బోర్డులో ఎక్స్ఎంపీ ఆన్ చేస్తే గాని రాసిన వేగం రాదు. కొన్న రోజు నుంచి అమ్మిన రోజు దాకా 4800 దగ్గరే నడిపినవాళ్ళున్నారు. రెండు, వర్చువలైజేషన్. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ నడపాలన్నా, వర్చువల్ మెషీన్లు పెట్టాలన్నా ఇది ఆన్‌లో ఉండాలి. ఏఎండీ బోర్డుల్లో దీనికి పెట్టిన పేరు ఎస్‌వీఎం మోడ్. వెతికేవాడికి దొరక్కూడదన్న పట్టుదల కనిపిస్తుంది. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి, అది ప్రాసెసర్ లోపలే ఉంటుంది, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం, ఇంటెల్‌లో పీటీటీ పేర్లతో. కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ దానంతటదే లేవాలా, ఆగిపోయే ఉండాలా అన్న సెట్టింగు కూడా ఒకటుంది. మన ఊళ్ళలో దాన్ని ఆగిపోయే ఉండమని పెట్టడం మేలు. వేసవిలో కరెంటు పోతూ వస్తూ ఉంటే ప్రతిసారీ లేచి కూలబడటం డిస్కుకు మంచిది కాదు.

బయోస్ అప్‌డేట్ గురించి పాత పెద్దల మాట ఒకటుంది, నడుస్తున్నదాన్ని కెలకొద్దని. నేనూ చాలాకాలం అదే చెప్పాను, ఇప్పుడు చెప్పను. 2023 ఏప్రిల్లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్లోనే కాలిపోయాయి. ఆ తర్వాత ఏఎండీ ఒక వోల్టేజీని 1.3 దాటకుండా కట్టడి చేసింది, ఆ కట్టడి వచ్చింది బయోస్ అప్‌డేట్‌గానే. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు అవసరానికి మించిన వోల్టేజీ అడిగి తమను తామే పాడుచేసుకుంటున్నాయని తేలింది. ఆ ఆగస్టులో సవరణ కూడా బయోస్ రూపంలోనే వచ్చింది, అప్పటికే దెబ్బతిన్నవాటిని మాత్రం అది బాగుచేయలేదు. కాబట్టి కొత్త బోర్డుకు ముందు బయోస్ అప్‌డేట్, తర్వాతే ఎక్స్‌పో. యూపీఎస్ లేకుండా మాత్రం వద్దు. ఒకసారి స్నేహితుడి ఇంట్లో అప్‌డేట్ 60 శాతం దగ్గర ఉండగా వీధి మొత్తం కరెంటు పోయింది. ఆ బోర్డు చిప్పును తీయించి మళ్ళీ ప్రోగ్రామ్ చేయించాల్సి వచ్చింది. ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఫైలును వాళ్ళు చెప్పిన పేరుతో పెట్టి, గుర్తు ఉన్న పోర్టులోనే గుచ్చి నొక్కితే, ప్రాసెసర్ లేకపోయినా బయోస్ ఎక్కుతుంది. కొనేటప్పుడు వెయ్యి రూపాయలు ఎక్కువైనా ఆ బటన్ ఉన్నదే కొనమంటాను.

విండోస్ వేసేటప్పుడు ఇంకో ముడి ఎదురైంది. ముందుకు వెళ్ళాలంటే ఇంటర్నెట్ కావాలంది. ఇంటర్నెట్ రావాలంటే వైఫై డ్రైవర్ కావాలి. డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్ కావాలి. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు. ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేశాం, ముడి వీడింది.

బోర్డు మీద మెరిసే బిళ్ళ బ్యాటరీ గురించి కూడా వాడు అడిగాడు. దాని పేరు సీఆర్2032, ఆ అంకెలే దాని కొలతలు, 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మందం. 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. కొన్నేళ్ళకు అది చచ్చాక, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే బ్రౌజర్ ప్రతి సైటునూ సురక్షితం కాదంటుంది, బ్యాంకు సైటు తెరుచుకోదు. అప్పుడు వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టించుకోకండి. వంద రూపాయల లోపు బిళ్ళ, కిరాణా కొట్టులో కూడా దొరుకుతుంది.

చీకటి పడుతుండగా బయల్దేరుతూ నల్ల మూత గుర్తొచ్చి మళ్ళీ అడిగాను. "ఆ నల్ల ప్లాస్టిక్ ముక్కా? ఊడ్చి చెత్తబుట్టలో పడేశాగా" అంది అక్క. వాడూ నేనూ కలిసి ఉల్లిపొట్టు కింద నుంచి దాన్ని తీసి, కడిగి, తుడిచి, బోర్డు అట్టపెట్టెలో పెట్టాం. వారంటీ కింద బోర్డు ఎప్పుడైనా వెనక్కి ఇవ్వాల్సి వస్తే సాకెట్ మీద ఆ మూత ఉండాలి. లేకపోతే పిన్నులు మీరే వంచారంటారు. మీ ఇంట్లో కొత్త బోర్డు ఉంటే, మూత ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.